అంబాసిడర్ వెనక ఇరుసు కింద జాకీ: డిఫరెన్షియల్ కిందనా, గొట్టం కిందనా?

#1 మార్క్‌ఫోర్_నెల్లూరు

అందరికీ నమస్కారం. బండి మార్క్ 4 అంబాసిడర్, పెట్రోలు. వెనక రెండు చక్రాలూ విప్పి బ్రేకు షూలు మార్చాలి. ఎడమ డ్రమ్ములోకి హౌసింగ్ (ఇరుసు పైతొడుగు) ఆయిల్ కారుతోంది, హబ్ సీలు కూడా చూడాలి. బండి రెండు మూడు రోజులు గాల్లోనే ఉంటుంది.

డోర్ల కింద బాక్సు ఉప్పుగాలికి తుప్పు పట్టింది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగుతోంది. కాబట్టి బాడీ కింద జాకీ పెట్టే ఆలోచన లేదు, ఇరుసు కిందే లేపాలి. దగ్గరున్నవి 2 టన్నుల ట్రాలీ జాకీ, 5 టన్నుల బాటిల్ జాకీ, 3 టన్నుల స్టాండ్లు రెండు. పోర్టికో నేల తాండూరు బండలు. డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో గేర్లుండే ఉబ్బు) కింద ట్రాలీ పెట్టి ఒకేసారి లేపడం మేలా, గొట్టం (ఆ ఉబ్బుకి అటూ ఇటూ పోయే ఇరుసు గొట్టం) కింద ఒక్కో వైపూ లేపడం మేలా?

#2 కమాన్‌పట్టీ

రెండు పద్ధతులూ నడుస్తాయి. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, ఆ మూడు రోజులూ బండిని కదలకుండా పట్టి ఉంచేది ఏది అని.

మామూలుగా నిలిపిన అంబాసిడర్‌ని రెండు పట్టి ఉంచుతాయి: హ్యాండ్ బ్రేకు, గేరు. రెండూ వెనక చక్రాల మీదే పనిచేస్తాయి. వెనక ఇరుసు లేపారంటే రెండూ నేలని వదిలేసినట్టే. పైగా షూలు మార్చాలంటే డ్రమ్ము ఊడాలి. హ్యాండ్ బ్రేకు లాగి ఉంటే డ్రమ్ము రాదు, కాబట్టి దాన్ని మీరే వదలాలి. షూలు సర్దేటప్పుడు చక్రం తిప్పి చూడాలి, కాబట్టి గేరు కూడా న్యూట్రల్‌లో ఉండాలి. చివరికి బండిని పట్టి ఉంచేవి ముందు చక్రాల దగ్గర మీరు పెట్టే అడ్డులు మాత్రమే. వాటికి అర ఇటుకలు, రాళ్లు పెట్టకండి. ఏటవాలుగా కోసిన గట్టి చెక్క మొద్దులు నాలుగు చేయించండి, చక్రానికి ముందొకటి వెనకొకటి. ఎత్తు టైరు ఎత్తులో నాలుగో వంతు, అంటే మీ బండికి 6 నుంచి 7 అంగుళాలు. చక్రాలు నిటారుగా పెట్టి, మొద్దు టైరుని ఆనుకునేదాకా సుత్తితో తట్టి కూర్చోబెట్టాలి.

పోర్టికోకి వీధి వైపు వాలు ఉంటుంది. బండి మూతి గోడ వైపు ఉంటే జారేది వెనక్కే కాబట్టి ముందు చక్రాల వెనక మొద్దులు ఇంకా గట్టిగా ఉండాలి.

#3 పానా_11బై16

కమాన్‌పట్టీ గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. ఒక వైపు చక్రం మాత్రమే విప్పి, రెండోది నేల మీదే ఉంది కదా, హ్యాండ్ బ్రేకు అటు పట్టుకుంటుంది అనుకుంటారు చాలామంది. డ్రమ్ము ఊడదీయనంతవరకు నిజమే. ఊడదీశాక ఆ వైపు షూలకి ఎదురు ఉండదు. లివరు లాగితే అవి విచ్చుకుంటూనే పోతాయి. లాగుడంతా ఈక్వలైజర్ (లివరు లాగుడుని రెండు వైపులకీ పంచే భాగం) అటే పంపేస్తుంది, రెండో వైపుకి బలం అందదు. లివరు మాత్రం పైకొచ్చి నిలబడే ఉంటుంది, చూసేవాడికి బ్రేకు పడినట్టే కనిపిస్తుంది.

గేరు సంగతీ అంతే. ఒక చక్రం గాల్లో ఉంటే డిఫరెన్షియల్ ఆ చక్రాన్ని ఎటైనా తిరగనిస్తుంది. నేల మీదున్న చక్రం ఒక వైపు దొర్లితే గాల్లోది ఎదురు తిరుగుతుంది, అంతే. ఫస్ట్ గేరులో పెట్టాం కదా అని నమ్మడానికి లేదు.

ఇంకోటి, డ్రమ్ములు ఊడి ఉండగా ఎవరూ బ్రేకు పెడల్ తొక్కకూడదు. వీల్ సిలిండర్ పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి. సిలిండర్ చుట్టూ తీగ చుట్టి ఉంచండి, స్టీరింగ్‌కి ఒక చీటీ కట్టండి.

#4 హౌసింగ్_బాబాయ్

జాకీ చోటు విషయానికి వస్తాను.

డిఫరెన్షియల్ కింద లేపాలంటే ముందు దాని ఆకారం గుర్తుపట్టాలి. మన పాతబళ్ల ఉబ్బుకి వెనక వైపు ఉండేది పలచని రేకు డొప్ప. జాకీ సాసరు (పైనున్న పళ్లెం) దాని అంచు మీద పడితే సొట్టపడుతుంది, అతుకు దగ్గర చీలి నూనె చెమరుస్తుంది. అడుగున డ్రెయిన్ ప్లగ్గు కూడా ఉంటుంది. బరువు ప్లగ్గు తల మీద పడితే మర చెడుతుంది. కాబట్టి సాసరు సరిగ్గా ఉబ్బు అడుగునే, ప్లగ్గుని తప్పించి, మందపాటి ఇనుము మీద పడాలి. మధ్యలో లారీ టైరు ముక్కో, అంగుళంన్నర గట్టి చెక్కో పెట్టండి.

ముందుకి పొడుచుకొచ్చే పినియన్ ముక్కు (గేరుబాక్సు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు కలిసే చోటు) కింద మాత్రం జాకీ ఎప్పుడూ పెట్టకూడదు. అది ఇరుసు మధ్యరేఖకి ముందుంటుంది. దాన్ని పైకి తోస్తే బండి లేవకముందే హౌసింగ్ కమాన్ల (స్ప్రింగు పట్టీల) మీద మెలి తిరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి జాయింట్ క్రాసు మీద ఒత్తిడి పడుతుంది. సగం లేచాక ముక్కు జారిందంటే హౌసింగ్ ఒక్క ఉదుటున వెనక్కి తిరుగుతుంది, జాకీ పక్కకి ఎగురుతుంది.

గొట్టం కింద అయితే కమాను కూర్చునే చోటుకి ఆనుకుని లోపలి వైపు పెట్టండి. బరువు బాడీ నుంచి కమాను ద్వారా దిగేది అక్కడే, కాబట్టి గొట్టం వంగదు. యూ బోల్టుల కింది ప్లేటు మీద పెట్టకండి. కిందికి పొడుచుకొచ్చిన బోల్టు కొసల మీద జాకీ తల కూర్చోదు, మర కూడా పాడవుతుంది. పెట్టే ముందు చెయ్యి పెట్టి గొట్టం చుట్టూ తడమండి. బ్రేకు ఇనుప పైపు గొట్టాన్ని అంటుకునే పోతుంది, ఎక్కువగా వెనక వైపో పైనో. హ్యాండ్ బ్రేకు కేబులు, రాడ్లు కూడా ఆ దగ్గర్లోనే. స్టాండు పళ్ల మధ్య పైపు చిక్కిందంటే బండి బరువుకి చప్పిడి అయిపోతుంది. అది బయటపడేది ఆ తర్వాత ఎప్పుడో బ్రేకు తొక్కినప్పుడు.

మీ పనికి నా సలహా: ట్రాలీతో మధ్యలో లేపి, స్టాండ్లు గొట్టాల కింద పెట్టండి. రెండు వైపులూ సమంగా లేస్తాయి.

#5 పద్మిని_1100

బాబాయ్ గారితో ఇక్కడ కొంచెం విభేదిస్తాను. మధ్యలో లేపినప్పుడు వెనక సగం బరువంతా అరచేతంత సాసరు మీద ఉంటుంది. పక్కలకి ఒరగకుండా ఆపేది ముందు సస్పెన్షన్ ఒక్కటే. అంబాసిడర్‌కి ముందున్నవి టార్షన్ బార్లు (మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), అవి బాగా లొంగుతాయి. ఎవరైనా డోరు తెరిచి సీట్లో మోకాలు పెట్టారంటే వెనక భాగం ఒక వైపు దిగుతుంది. సాసరు గుండ్రని ఉబ్బు మీద ఉంది కాబట్టి అక్కడ నుంచి జారడం మొదలవుతుంది.

ఒక్కో వైపు గొట్టం కింద లేపితే ఏ క్షణంలోనైనా మూడు చక్రాలు నేల మీదో స్టాండు మీదో ఉంటాయి. ఒక వైపు లేపి స్టాండు అట్టడుగు గాడిలో పెట్టండి. రెండో వైపు లేపి స్టాండు పెట్టండి. ఎత్తు చాలకపోతే మళ్లీ మొదటి వైపుకి వచ్చి ఒక్క గాడి పెంచండి. ఒకేసారి ఒక వైపు పైదాకా లేపేస్తే, రెండో వైపు లేపేటప్పుడు గొట్టం మొదటి స్టాండు గాడిలో ఒరుసుకుంటూ తిరుగుతుంది, స్టాండు కాలు ఒకటి నేల వదులుతుంది.

పద్మినికైతే నేను గట్టిగా గొట్టమే అంటాను. దాని టైరు 5.20-14, ఇరుసు అంబాసిడర్ కంటే అంగుళం కిందికి ఉంటుంది. ట్రాలీని వెనక బంపర్ కింద నుంచి డిఫరెన్షియల్ దాకా తోస్తే హ్యాండిల్ పైకీ కిందికీ ఆడించడానికి చోటు చాలదు.

#6 హౌసింగ్_బాబాయ్

పద్మిని గారు చెప్పిన ఒరుగుడు నిజమే. అందుకే మధ్యలో లేపేటప్పుడు స్టాండ్లు ముందే గొట్టాల కింద, కావలసిన చోట, అట్టడుగు ఎత్తులో పెట్టి ఉంచాలి. లేపుతూ ఒక్కో గాడీ పైకి లాగుతూ పోవాలి. జాకీ జారినా పడేది ఒక్క గాడి ఎత్తు, అంతే. అప్పటిదాకా డోరు ఎవరూ ముట్టుకోకూడదు, డిక్కీ తెరవకూడదు. స్టెప్నీ, పానాలు, కావలసినవన్నీ ముందే బయట పెట్టుకోవాలి.

ఒక్కో వైపు పద్ధతిలో కూడా ఒక చిక్కుంది. బాటిల్ జాకీ తల రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది, గొట్టమేమో గుండ్రం. ఇరుసు ఒక వైపు లేస్తుంటే అది రెండో చక్రం చుట్టూ చాపంలా తిరుగుతుంది, జాకీ మాత్రం నిటారుగా పైకొస్తుంది. రెండూ కలిసే చోటు ప్రతి అంగుళానికీ కొంచెం కొంచెం పక్కకి జరుగుతుంది. తలకి V ఆకారం గాడి ఉన్న అడాప్టర్ తొడిగితేనే ఆ పద్ధతి మంచిది. రెండు ముక్కల యాంగిల్‌ని గట్టి ప్లేటు మీద వెల్డ్ చేయించి, కింద జాకీ తలకి సరిపడే బుష్ పెడితే సరిపోతుంది. గొట్టం మీది గ్రీజు, బురద గుడ్డతో తుడిచేయాలి. నూనె చెమర్చిన గొట్టం మీద రబ్బరు ముక్క కూడా జారుతుంది.

#7 మార్క్‌ఫోర్_నెల్లూరు

చాలా ఉపయోగం. ఎత్తులు ఎలా లెక్కేయాలి? స్టాండు తక్కువలో తక్కువ 29 సెం.మీ. ఉంది. అది గొట్టం కింద పడుతుందా?

#8 పానా_11బై16

పడుతుంది. 5.90-15 టైరు మొత్తం ఎత్తు సుమారు 26 అంగుళాలు. బరువు మీద కొంచెం నొక్కుకుంటుంది కాబట్టి ఇరుసు మధ్యరేఖ నేలకి 12 నుంచి 13 అంగుళాల మధ్య ఉంటుంది. గొట్టం అడుగు 11 అటూ ఇటూ. 29 సెం.మీ. అంటే పదకొండున్నర. అంటే స్టాండు దూర్చడానికే అంగుళం లేపాలి. అట్టడుగు గాడి మీద చక్రం నేలని తాకీ తాకనట్టు ఉంటుంది. ఇంకో గాడి పెంచితే చక్రం ఊడుతుంది, పెట్టేటప్పుడు గాలి నిండిన టైరు కూడా దూరుతుంది. అంతకు మించి లేపకండి. షూ పనికి ఎత్తు అక్కర్లేదు.

మీకు కాకపోయినా చదివేవాళ్లకి: దారిలో పంక్చర్ అయినప్పుడు లెక్క వేరు. టైరు పూర్తిగా కూర్చుంటే గొట్టం అడుగు మూడు నాలుగు అంగుళాలు దిగుతుంది. 5 టన్నుల బాటిల్ జాకీ మూసి ఉన్న ఎత్తే 8 అంగుళాల దగ్గర. అంటే కింద చెక్క పెట్టడానికి చోటుండదు, ఒక్కోసారి జాకీ కూడా దూరదు. 2 టన్నులది 6 నుంచి 7 అంగుళాలు ఉంటుంది. డిక్కీలో పెట్టుకోవాల్సింది అదే. టన్నుల కోసం పెద్దది కొనక్కర్లేదు. అంబాసిడర్ మొత్తం బరువే 1,100 కిలోల పైచిలుకు, వెనక ఒక్క చక్రం మీద పడేది 300 కిలోల లోపు.

స్టాండు కూడా అంతే. 3 టన్నుల స్టాండు ఈ బరువుకి విరగదు. ప్రమాదం విరగడం కాదు, ఒరగడం. అడుగు వెడల్పు చూసి కొనండి.

#9 టార్క్‌రెంచి

తాండూరు బండల గురించి ఎవరూ రాయలేదు, నాకు అదే ఎక్కువ ఆందోళన. ఆ బండలు పరిచేది ఇసుక మీదో పలచటి సున్నం సిమెంటు మీదో. కింద ఎక్కడ గుల్ల ఉందో పైకి తెలియదు. స్టాండుకి నాలుగు కాళ్లు, ఒక్కో కాలు సన్నని అంచు. 280 కిలోలు నాలుగు కాళ్ల మీద పంచుకుంటే ఒక్కో అంచు మీద 70. బండ మూల మీద అది పడితే బండ పగిలి ఆ కాలు రెండు అంగుళాలు దిగుతుంది, స్టాండు ఒరుగుతుంది.

స్టాండు, జాకీ పెట్టే ప్రతి చోటా ముందు సుత్తి పిడితో తట్టి చూడండి. ఖణేల్ మంటే సరే. డొల్లగా మోగితే ఆ బండ మీద వద్దు, బండిని ఒక అడుగు ముందుకో వెనక్కో జరపండి. ఆ తర్వాత కూడా ఒక్కో స్టాండు కింద అడుగున్నర చదరం, 18 మి.మీ. ప్లైవుడ్ పరవండి. రెండు బండల మధ్య అతుకు ప్లైవుడ్ మధ్యలోకి వచ్చేలా చూసుకోండి, అంచుకి రాకూడదు.

నేల చూసుకోవడానికి ట్రాలీ జాకీ వల్ల ఇంకో కారణం కూడా ఉంది. దాని చెయ్యి చాపంలా లేస్తుంది, సాసరు పైకొస్తూ వెనక్కి కూడా వస్తుంది. మీరు ముందు చక్రాలు బిగించేశారు, బండి కదలదు. అంటే జాకీయే ముందుకి దొర్లాలి. దాని చిన్న ఇనుప చక్రం బండల అతుకులో ఇరుక్కుంటే దొర్లదు, సాసరే హౌసింగ్ మీద జారుతుంది. లేపేటప్పుడు పది పోట్లకి ఒకసారి జాకీ చక్రాలు చూడండి, కదులుతూ ఉండాలి. కింద 3 మి.మీ. ఇనుప రేకు పరిస్తే చక్కగా దొర్లుతుంది. జాకీ చక్రాలకి మాత్రం ఎప్పుడూ అడ్డు పెట్టకండి.

తారు రోడ్డు మీద చేసేవాళ్లకి: మే నెల మధ్యాహ్నం తారు మెత్తబడుతుంది, స్టాండు కాళ్లు నెమ్మదిగా దిగిపోతాయి. పలక లేకుండా కుదరదు.

హాలో బ్రిక్స్, సిమెంటు ఇటుకల మీద ఇరుసు ఆనించడం మన దగ్గర మామూలే. దయచేసి వద్దు. చెక్క అయితే నలిగే ముందు పెళపెళమంటుంది, ఇటుక ఏ సూచనా లేకుండా పొడైపోతుంది. స్టాండు లేనివాళ్లు 4 అంగుళాల చదరపు తుమ్మ దుంగలు అడ్డంగా నిలువుగా పేర్చి వాడుకోవచ్చు, అది స్టాండు కంటే స్థిరం.

#10 సీజే3బీ

ఈ చర్చలోకి జీపులవాళ్లు కూడా వస్తారు కాబట్టి ఒక హెచ్చరిక. విల్లీస్, సీజే-3బీలలో హ్యాండ్ బ్రేకు వెనక డ్రమ్ముల్లో ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకి బలం పంచే పెట్టె) వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఉంటుంది. సిరీస్ ల్యాండ్ రోవర్లదీ ఇదే పద్ధతి. వెనక ఒక్క చక్రం లేపిన మరుక్షణం ఆ బ్రేకు పనికిరాదు. షాఫ్టుని ఎంత గట్టిగా పట్టుకున్నా డిఫరెన్షియల్ రెండో చక్రాన్ని దొర్లనిస్తుంది. లివరు చివరిదాకా లాగి ఉన్నా సరే, వాలు మీద బండి వెళ్లిపోతుంది.

ఫోర్ వీల్ వేస్తే ముందు షాఫ్టు కూడా అదే బ్రేకుకి కట్టినట్టవుతుంది. ముందు రెండు చక్రాలూ నేల మీద ఉంటే బండి ఆగుతుంది. ముందు హబ్బులకి ఫ్రీ వీల్ లాకులు (చక్రాన్ని షాఫ్టుకి కలిపేవి, విడదీసేవి) ఉంటే అవి కూడా వేయాలి, లేకపోతే షాఫ్టు ఆగినా చక్రాలు ఆగవు. ఇన్ని చేసినా మొద్దులు మొద్దులే.

డిఫరెన్షియల్ కింద లేపే ఆలోచన జీపుకి అసలు వద్దు. ముందుదీ వెనకదీ రెండూ కుడి వైపుకి జరిగి ఉంటాయి. అక్కడ లేపితే కుడి వైపు ముందు లేచి బండి ఎడమకి వాలుతుంది. గొట్టం కింద, ఒక్కో వైపు, అంతే. పాత విల్లీస్‌లకి ఎడమ వైపు చక్రాల నట్లు ఎడమ మర. బండి నేల మీద ఉండగా పానా వేసి చూసుకోకుండా జాకీ మీద బలంగా గుంజారంటే, విప్పుతున్నామనుకుంటూ బిగిస్తారు, బండిని ఊపేస్తారు.

#11 హెరాల్డ్_మద్రాసు

స్టాండర్డ్ హెరాల్డ్ ఉన్నవాళ్లు ఈ చర్చ చూసి పొరబడకుండా రాస్తున్నాను. మద్రాసులో కట్టిన హెరాల్డ్‌కి వెనక ఇలాంటి గొట్టపు ఇరుసు లేదు. డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది. దాని మీద అడ్డంగా ఒక్క కమాను, రెండు వైపులా ఊగే హాఫ్ షాఫ్టులు. డిఫరెన్షియల్ కింద లేపితే ఛాసిస్ లేస్తుంది కానీ చక్రాలు వేలాడుతూ అడుగులు లోపలికి ముడుచుకుంటాయి. దించిన తర్వాత కూడా అలాగే కాళ్లు దగ్గర పెట్టి నిలబడుతుంది, పది అడుగులు నడిపితే కానీ సర్దుకోదు. అది చూసి ఏదో వంగిందని కంగారుపడకండి. స్టాండ్లు ఛాసిస్ కిందే పెట్టాలి. 1972లో వచ్చిన గజెల్‌కి మాత్రం వెనక గొట్టపు ఇరుసే, దానికి పైన రాసినవన్నీ వర్తిస్తాయి.

#12 మార్క్‌ఫోర్_నెల్లూరు

ముందు వైపు కూడా ఇలాగే ఇరుసు కింద లేపొచ్చా? గ్రీజు కొట్టడానికి ఎప్పుడైనా అవసరం పడుతుంది.

#13 కమాన్‌పట్టీ

అంబాసిడర్‌కి ముందు ఇరుసే లేదు. కింద అడ్డంగా కనిపించేది క్రాస్ మెంబర్. దాని కింద వెడల్పు చెక్క పెట్టి ట్రాలీతో లేపి, స్టాండ్లు రెండు వైపులా ఛాసిస్ కాళ్ల కింద, తుప్పు లేని చోట పెట్టాలి. ఇంజన్ సంపు (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద వద్దు. చక్రం దగ్గర నుంచి వచ్చే సన్నని టై రాడ్డు కింద వద్దు, వంగితే చక్రం కోణం పోతుంది.

టార్షన్ బార్లకి జాకీ తల తగలనివ్వకండి. బండి పొడవునా పోయే ఆ కడ్డీ మెలి తిరిగే బలంతోనే ముందు భాగాన్ని మోస్తుంది. దాని మీద జాకీ పన్ను గీత పడిందంటే, బీట మొదలయ్యేది అక్కడే.

#14 పద్మిని_1100

ఇరుసు కింద స్టాండ్లు పెట్టడం ఎప్పుడు పనికిరాదో కూడా చెప్పుకోవాలి. షాకిల్ పిన్నులు (కమాను చివరని బాడీకి కలిపేవి), కమాను కళ్ల బుష్‌లు మార్చాలంటే ఇరుసు మీద నిలబెట్టి లాభం లేదు, కమాను ఇంకా బాడీని మోస్తూనే ఉంటుంది. పిన్ను లాగితే అది ఎగిరి తన్నుతుంది. అప్పుడు స్టాండ్లు బాడీ కింద, కమాను ముందు హ్యాంగర్ దగ్గరి గట్టి చోట పెట్టాలి. జాకీ మాత్రం ఇరుసు కింద ఉంచి, పిన్ను చేతికి వదులుగా ఊగేదాకా ఎత్తుతూ దించుతూ సర్దుకోవాలి. ఇరుసు వేలాడినప్పుడు బాడీ నుంచి హౌసింగ్‌కి వచ్చే రబ్బరు బ్రేకు గొట్టం లాగబడకుండా చూసుకోండి.

కొత్త రబ్బరు బుష్‌లు వేశాక బోల్టు చివరి బిగింపు మాత్రం ఇరుసు స్టాండ్ల మీద, బరువు కమాన్ల మీద ఉండగానే. వేలాడుతుండగా బిగిస్తే బండి దిగాక రబ్బరు మెలి తిరిగే ఉంటుంది, త్వరగా చీలుతుంది.

#15 హౌసింగ్_బాబాయ్

సీలు విషయం మిగిలింది. ఎడమ వైపు నూనె కారుతోందన్నారు కదా. మీరు కుడి వైపు ముందు లేపితే హౌసింగ్‌లోని ఆయిల్ గొట్టం గుండా ఎడమకి నడుస్తుంది, చెడిన సీలు మీదుగా కొత్త షూల దాకా. ఎడమ వైపే ముందు లేపండి, లేదా మధ్యలో లేపి సమంగా ఉంచండి. షాఫ్టు లాగే ముందు కింద ట్రే పెట్టండి. చివర్లో ఈపీ 90 ఆయిల్ పోసేటప్పుడు హౌసింగ్ సమంగా ఉండాలి, ఫిల్లర్ రంధ్రం అంచు దాకా వచ్చి కారడం మొదలవగానే ఆపాలి. ఒక వైపు ఎత్తుగా ఉన్నప్పుడు చూసే మట్టం నమ్మకూడదు.

సీలు మార్చబోయే ముందు హౌసింగ్ పైన ఉండే బ్రీదర్ (గాలి పోయే చిన్న రంధ్రం) చూడండి. అది మట్టితో మూసుకుపోతే, వేడెక్కిన గాలి పోయే దారి లేక ఆయిల్‌ని సీలు గుండానే తోస్తుంది. కొత్త సీలు కూడా కారుతుంది.

పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ములో దుమ్ము నోటితోనో గాలి గొట్టంతోనో ఊదకండి, తడి గుడ్డతో తుడవండి.

#16 టార్క్‌రెంచి

బలం పెట్టాల్సిన పనులన్నీ బండి నేల మీద ఉండగానే అయిపోవాలి. చక్రాల నట్లు లేపకముందే సగం తిప్పు వదిలించండి. డ్రమ్ము బిగుసుకుపోయి ఉంటే స్టాండ్ల మీద పక్కకి గుంజకండి. ముందు అడ్జస్టర్ వదులు చేయండి, డ్రమ్ము అంచు చుట్టూ రబ్బరు సుత్తితో తడుతూ తిప్పండి.

స్టాండు మీదికి దించాక ర్యాచెట్ పన్ను పూర్తిగా గాడిలో పడిందో లేదో వంగి కంటితో చూడాలి. సగం పట్టిన పన్ను కూడా పట్టినట్టే నిలబడుతుంది, బండి ఊగగానే జారుతుంది. హ్యాండిల్ కిందికి నొక్కండి, అదనపు పిన్ను ఉంటే దూర్చండి. తర్వాత వెనక ఫెండర్ దగ్గర నిలబడి రెండు చేతులతో పక్కకీ, ముందుకీ వెనక్కీ గట్టిగా ఊపండి. స్టాండు కాలు టకటక మన్నా, ప్లైవుడ్ మీద కదిలినా దించి మళ్లీ మొదలుపెట్టండి. కిందికి చెయ్యి పెట్టేది ఆ తర్వాతే. విప్పిన చక్రాలు రెండూ డోర్ల కింద బాక్సు అడుగున పడుకోబెట్టండి. ట్రాలీని తీసేయకుండా హౌసింగ్‌ని తాకీ తాకనట్టు ఆనించి ఉంచండి, బరువు మాత్రం స్టాండ్ల మీదే.

మరుసటి రోజు పని మొదలుపెట్టే ముందు ఆ ఊపుడు మళ్లీ చేయండి. రాత్రి వాన పడి బండల కింద ఇసుక తడిసి ఉండొచ్చు.

#17 పానా_11బై16

బాటిల్ జాకీ ఎప్పటి నుంచో డిక్కీలో పడుకుని ఉంటే గాలి పట్టి ఉంటుంది, లేపుతుంటే స్పంజిలా మెత్తగా వస్తుంది. రిలీజ్ వాల్వు తెరిచి, నిటారుగా నిలబెట్టి పది పదిహేను సార్లు కొట్టండి. ఆ తర్వాత ర్యాము పూర్తిగా దించి రబ్బరు ప్లగ్గు దగ్గర నూనె మట్టం చూడండి. హైడ్రాలిక్ జాకీ ఆయిలే పోయాలి. బ్రేకు ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి, ఒకరోజు బరువు మీదే వదిలేస్తాయి. బండి లేపాక ఐదు నిమిషాలు అలాగే వదిలి, స్కేలుతో ఎత్తు కొలిచి చూడండి. రెండు మూడు మిల్లీమీటర్లు దిగినా ఆ జాకీ ఈ పనికి వద్దు.

#18 మార్క్‌ఫోర్_నెల్లూరు

తట్టి చూశాను, కుడి స్టాండు పడే చోట బండ డొల్లగానే మోగింది. బండిని అడుగున్నర ముందుకి జరిపాను, ఇప్పుడు రెండు చోట్లా గట్టిగా ఉంది. మొద్దులు కోయించాను. ట్రాలీతో మధ్యలో, రబ్బరు ముక్కతో, స్టాండ్లు ముందే గొట్టాల కింద పెట్టి లేపుతాను. దించే వరుస కూడా ఒకసారి చెప్పండి.

#19 కమాన్‌పట్టీ

చక్రాలు ఎక్కించి నట్లు ఎదురెదురుగా, చక్రం కదలకుండా కూర్చునేంత వరకే బిగించండి. హ్యాండ్ బ్రేకు లాగండి. డోర్ల కింద పెట్టిన చక్రాలు ఎలాగూ తీస్తారు, పానాలు, ట్రే కూడా కింద నుంచి తీసేయండి. ట్రాలీతో అర అంగుళం పైకి లేపితే స్టాండ్లు వదులవుతాయి. వాటిని చేత్తో కాకుండా కర్రతోనో, పొడవు పానాతోనో పక్క నుంచి లాగండి. బండి కింద ఏ క్షణంలోనూ చెయ్యి ఉండకూడదు. రిలీజ్ వాల్వు పావు తిప్పు కంటే ఎక్కువ వదలకండి. ట్రాలీలు సగం తిప్పుకే దబ్బున వదిలేస్తాయి.

టైర్లు నేల మీద పూర్తిగా కూర్చున్నాక నట్లు చివరి బిగింపు. పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, రిజర్వాయర్ మట్టం చూడండి. హ్యాండ్ బ్రేకు గట్టిగా పట్టిందని తేల్చుకున్నాకే ముందు చక్రాల దగ్గరి మొద్దులు తీయండి. 50 కిలోమీటర్లు తిరిగాక నట్లకి మళ్లీ పానా వేయండి, కొత్తగా ఆనుకున్న డ్రమ్ము మీద అవి కొంచెం వదులవుతాయి.